అగ్నిమాపక దళములు - అపాయకర పదార్థముల పరిజ్ఞానము

నిప్పు అంటుకొన్నచోట నీరు పోయవలెనని పసివానికి సైతము తెలియును. మన గ్రామములలో పూరియిండ్లు తగులబడినప్పుడు ఊరివారందరును బిందెలతోడను కడవలతోడను బావినుండి నీరు మోసి మంట నార్పుట తరతరములుగా మన మెరిగిన పద్ధతియే. కాని నేడు మన నడుమ సంచరించుచున్న నిప్పు ఆ పాత నిప్పు కాదు. నీరు పోసినకొలది పెచ్చు పెరుగు మంటలు కలవు. నీరు తగిలినంతనే విషవాయువును వెడలగ్రక్కు మాత్రలు కలవు. ఆర్పుటకంటె మండనిచ్చుటయే క్షేమమగు మంటలు సైతము కలవు. వీనిలో తన యెదుట నున్నది ఏదియో ఎరుగక గొట్టము చేబట్టి ముందునకురుకు అగ్నిమాపక భటుని ధైర్యము ఎంత గొప్పదైనను, అది వానిని గాని, వాని వెనుక నిలిచిన ప్రజలను గాని కాపాడజాలదు. వానికి ధైర్యముతోపాటు పరిజ్ఞానము కావలెను. ఆ పరిజ్ఞానమును అతని భాషలో, అతని చేతికందునట్లు సమకూర్చుట ప్రభుత్వముయొక్కయు ప్రజలయొక్కయు విధి. ఈ విషయమును గూర్చి పాలమూరు, నల్లగొండ సీమల వాసులు శ్రద్ధగా ఆలోచింపవలసిన సమయము వచ్చినదని మేము తలంచుచున్నాము.

పాలమూరు అనగానే కరవును, వలసను తలచుకొనుట లోకమునకు అలవాటు. పనికై దూరదేశములకు పోయి ఆనకట్టలను, కాలువలను కట్టిన పాలమూరు కూలీల పేరు దేశమంతట వినబడినది. నేడు ఆ స్థితి కొంత మారినది. జడ్చర్ల చెంత పోలేపల్లి భూములలో ఔషధ కర్మాగారములు వెలసినవి. కొత్తూరు, షాద్‌నగరము, బాలానగరము పొడవున రహదారి కిరువైపుల నానావిధములైన పరిశ్రమలు లేచినవి. పూర్వపు నల్లగొండ జిల్లాలోని చౌటుప్పల్ ప్రాంతమును గూర్చియు ఇట్లే చెప్పవచ్చును. హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారి షాద్‌నగరము, జడ్చర్ల, భూత్పూరు, కొత్తకోట, పెబ్బేరు మీదుగా సాగి కృష్ణను దాటి కర్నూలు చేరుచున్నది. రాత్రింబవళ్లు ఈ బాటపై నడచు లారీలు ధాన్యమును, ప్రత్తిని మాత్రమే మోయుటలేదు. పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు, ఔషధముల తయారీకి కావలసిన ద్రావకములు, ఆమ్లములు సైతము ఈ బాటననే పోవుచున్నవి. బాట ప్రక్కన దున్నుకొను రైతునకు గాని, కూడలిలో అంగడి పెట్టుకొన్న వర్తకునకు గాని తన ముంగిట పోవు బండిలో ఏమున్నదో తెలియదు. ఆ బండి బోల్తాపడిననాడు మొదట పరుగెత్తుకొనివచ్చు అగ్నిమాపక భటునకును తెలియకపోయినచో ఏమగును? ఇదియే మా ప్రశ్న.

ఈ ప్రశ్న ఊహాజనితము కాదు. 2013వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీ తెల్లవారుజామున ఇదే బాటపై, నాడు మహబూబ్‌నగర్ జిల్లాలోను నేడు వనపర్తి జిల్లాలోను ఉన్న కొత్తకోట మండలము పాలెము వద్ద, బెంగుళూరునుండి హైదరాబాదు వచ్చుచున్న బస్సు కల్వర్టును ఢీకొని మంటలపాలయ్యెను. డీజిలు మంటలు కొలది నిమిషములలోనే బస్సును క్రమ్ముకొనెను. 45 మంది నిద్రలోనే సజీవదహనమైరి. పండ్రెండేండ్ల పిమ్మట, 2025 అక్టోబరు 24వ తేదీన, అదే బాటపై కృష్ణకు ఆవల కర్నూలు జిల్లా చిన్నటేకూరు వద్ద హైదరాబాదునుండి బెంగుళూరు పోవుచున్న బస్సు తగులబడి 19 మంది ప్రయాణికులు దుర్మరణము పాలైరి. మోటారుసైకిలు నడపినవాడును మరణించెను. ఆ బస్సు సామాను అరలో రెండువందలకు పైగా సెల్‌ఫోనులు ఉండెననియు, వాని బ్యాటరీలు మంటల తీవ్రతను హెచ్చించెననియు పత్రికలలో వెలువడినది. ప్రయాణికుల బస్సులో ఏ సరకు ఉన్నదో ప్రయాణికులకు తెలియదు. బాటపై ఎదురైన వారికిని తెలియదు.

మూడవది, 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి జరిగినది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో చేరియుండి నేడు నాగర్‌కర్నూలు జిల్లాలోనున్న శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రములో నిప్పు పుట్టి, పొగ సొరంగమంతయు నిండి, తొమ్మిదిమంది ఉద్యోగులును పనివారును ప్రాణములు విడిచిరి. పొగచేత రక్షణ దళములవారు లోపలికి పోవుటయే దుష్కరమయ్యెను. ఈ మూడు ఘటనలలో ఒకటి ఇంధనము, ఒకటి బ్యాటరీలు, ఒకటి పొగ. మూడింటికిని ఒకే విధమైన పోరాటము చెల్లదు.

అపాయకర పదార్థములకు నిప్పంటుకొన్నచో ఎంతటి అనర్థము సంభవించునో మన దేశ చరిత్రయే చెప్పుచున్నది. ఏటేట ఏప్రిల్ 14వ తేదీనుండి వారము దినములు అగ్నిమాపక వారోత్సవములు జరుపుచున్నారు. పాఠశాలలలో ప్రదర్శనములు, ఉపన్యాసములు జరుగుచుండును. ఆ తేదీ ఏల ఎన్నుకొనబడినదో ఎరిగినవారు కొందరే. 1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి విక్టోరియా రేవులో ఫోర్ట్ స్టికిన్ అను ఓడలో నిప్పు పుట్టెను. ఓడలో ప్రత్తిబేళ్లతోడను నూనె పీపాలతోడను కలిసి సుమారు 1400 టన్నుల ప్రేలుడు సామగ్రియు మందుగుండును ఉండెను. నిప్పు నార్పుటకై బొంబాయి దళమువారు ఓడ చుట్టు చేరి గంటలకొలది నీరు పోసిరి. సాయంకాలము నాలుగు గంటలు దాటిన పిమ్మట ఓడ ప్రేలిపోయెను. రేవు నేలమట్టమయ్యెను. వందలకొలది ప్రజలు మరణించిరి. అగ్నిమాపక దళమువారు 66 మంది కర్తవ్యనిర్వహణములో ప్రాణము లర్పించిరి. ప్రేలుడు సామగ్రియు, ప్రత్తియు ఒకే ఓడలో చేర్చినవారు వేరు. ఆ ఓడ నగరము నడుమకు రానిచ్చినవారు వేరు. ప్రాణము లిచ్చినవారు వేరు. నేడు వారోత్సవములలో ఆ 66 మందికి పుష్పాంజలి ఘటించుట ఉచితమే. కాని వారి మరణమునుండి నేర్వవలసిన పాఠమును నేర్వకున్నచో ఆ పుష్పములు వాడిపోవుటకు దినమైనను పట్టదు.

ఇతర దేశములలోను ఇట్టి పాఠములు రక్తముతోనే వ్రాయబడినవి. 1947 ఏప్రిల్ 16న అమెరికాలోని టెక్సాస్ సిటీ రేవులో అమ్మోనియము నైట్రేటు నింపిన ఓడ ప్రేలి ఆ పట్టణపు స్వచ్ఛంద అగ్నిమాపక దళము దాదాపు పూర్తిగా నశించెను. 2015 ఆగస్టు 12న చైనాలోని తియాన్‌జిన్ రేవు గోదాములలో సంభవించిన ప్రేలుళ్లలో మరణించిన 173 మందిలో సగమునకు మించినవారు అగ్నిమాపకులే. 2020 ఆగస్టు 4న బేరూతులో నిప్పు నార్ప వచ్చిన దళమువారు పదిమంది రేవులోనే అంతరించిరి. బేరూతు దుర్ఘటన జరిగిన కొలది దినములకే చెన్నపట్టణము చెంత 2015నుండి నిలువయున్న సుమారు 700 టన్నుల అమ్మోనియము నైట్రేటును రోడ్డుమార్గమున హైదరాబాదునకు తరలింపవలసివచ్చినది. దూరదేశపు వార్త అనుకొన్నది మన బాటకే రాగలదనుటకు ఇంతకంటె వేరు దృష్టాంత మేల?

ఇన్ని ప్రాణములు పోయిన పిమ్మట లోకము ఒక ఉపాయమును కనిపెట్టినది. అది సులభమైనది. ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమువారు అపాయకర పదార్థములకు నాలుగంకెల సంఖ్యలు నిర్ణయించిరి. పెట్రోలునకు 1203, వంటగ్యాసునకు 1075, క్లోరినునకు 1017, అమ్మోనియాకు 1005, మిథనాలునకు 1230, గంధకామ్లమునకు 1830. భాష ఏదైనను, దేశమేదైనను ఈ సంఖ్య మారదు. అమెరికా, కెనడా, మెక్సికో ప్రభుత్వములు మూడును కలిసి ఈ సంఖ్యల ఆధారముగా అత్యవసర మార్గదర్శక గ్రంథము నొకదానిని నాలుగేండ్ల కొకమారు సవరించి ప్రకటించుచున్నవి. కడపటి కూర్పు 2024వ సంవత్సరమునది. అగ్నిమాపక బండ్లలో ఉంచుకొనుటకు దానిని ఉచితముగా పంచుదురు. పసుపు పుటలలో సంఖ్యల వరుస. నీలి పుటలలో పేర్ల వరుస. నారింజ పుటలలో చేయవలసినదియు చేయరానిదియు. ఆకుపచ్చ పుటలలో ప్రజలను ఎంత దూరము పంపవలెనో దాని లెక్క. దుర్ఘటన జరిగిన తొలి అరగంటలో, నిపుణులు వచ్చులోపల, మొదట చేరిన సామాన్య భటుడు ఏమి చేయవలెనో చెప్పుటయే దాని ప్రయోజనము. రసాయనశాస్త్ర పట్టభద్రుడు కానక్కరలేదు. సంఖ్య చదువగలిగిన చాలును.

దాని ఉపయోగము నొక ఉదాహరణముచేత తెలిసికొందము. జడ్చర్ల కూడలిలో వంటగ్యాసు ట్యాంకరు బోల్తాపడి మంట లేచినదనుకొందము. సామాన్యముగా మనకు తోచునది మంట నార్పవలెననియే. గ్రంథము చెప్పునది వేరు. కారుచున్న గ్యాసును ఆపగలిగిననే తప్ప మంట నార్పరాదు. ఏలయన మంట ఆరినను గ్యాసు నేలబారున ప్రాకిపోయి మరియొకచోట నిప్పు దొరికినంతనే ఒక్కసారిగా భగ్గుమనును. నీటిని ట్యాంకరు పైభాగమును చల్లార్చుటకు వాడవలెను గాని కారుచోట పోయరాదు. నిప్పు చుట్టుముట్టిన ట్యాంకరు ప్రేలు ప్రమాదము కలదు గనుక నలుదిక్కుల 1600 మీటర్లు, అనగా మైలు దూరము, జనమును తొలగింపవలెను. జడ్చర్ల కూడలికి మైలు దూరములో ఎన్ని ఇండ్లు, ఎన్ని అంగళ్లు ఉన్నవో పాఠకులే లెక్కించుకొనవచ్చును. ఈ నిర్ణయమును మొదటి పది నిమిషములలో చేయవలసినవాడు ఎవడు? కలెక్టరు గాదు; మంత్రి గాదు. ఫైరింజను దిగిన దళనాయకుడే.

మరియొక ఉదాహరణము మన రైతులకు మిక్కిలి దగ్గరిది. ధాన్యపు గోదాములలో పురుగును చంపుటకు అల్యూమినియం ఫాస్ఫైడు మాత్రలు వాడుదురు. వానికి తేమ తగిలినచో ఫాస్ఫీను అను ప్రాణాంతకమైన వాయువు పుట్టును. అట్టి గోదాము తగులబడినప్పుడు మాత్రల నిలువ ఎక్కడ నున్నదో తెలియక నీటిధార విడిచినచో మంటకంటె పొగయే ఎక్కువమందిని బలిగొనును. అట్లే కొల్లాపురము మామిడికి పేరుగన్న ఈ సీమలో కాల్షియము కార్బైడు నెరుగనివారు లేరు. పండ్లను మాగవేయుటకు దానిని వాడుట నిషిద్ధమైనను, వెల్డింగు పనికై దాని నమ్మకము సాగుచునే యున్నది. దానికి నీరు తగిలిన అసిటిలీను వాయువు పుట్టి మంటకు ఆజ్యము పోయును. ఈ రెండింటికిని సంఖ్యలు కలవు: మొదటిది 1397, రెండవది 1402. గ్రంథము రెండింటి విషయమునను నీరు తగులనీయరాదని హెచ్చరించుచున్నది.

సంఖ్య ప్రక్క నుండు ఒక్క అక్షరము సైతము ఎంత విలువైనదో విశాఖపట్టణము చూపినది. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురము చెంతనున్న కర్మాగారపు ట్యాంకునుండి స్టైరీను ఆవిరి వెలువడి 12 మంది మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. స్టైరీను వేడియెక్కినచో తనంతతానే గట్టిపడుచు మరింత వేడిని పుట్టించుకొను స్వభావము కలది. దాని నరికట్టుటకు అందులో మరియొక రసాయనమును తగుపాళ్ల కలుపుచుండవలెను. ఆ రసాయనమును పిమ్మట గుజరాతునుండి విమానములో తెప్పింపవలసివచ్చినది. మార్గదర్శక గ్రంథములో స్టైరీను సంఖ్య 2055కు ఎదుట, 128 అను సూచికకు ప్రక్కన, ‘పి’ అను అక్షర మొకటి యుండును. తనంతతానే ఉద్రేకించు పదార్థమని దాని యర్థము. ఆ అక్షరమును చదువనేర్చినవాడు ట్యాంకు చెంత నిలుచునప్పుడు మరియొక విధముగా ఆలోచించును.

మన దేశములో చట్టములు లేవా యని పాఠకు లడుగవచ్చును. కలవు; మిక్కిలి కలవు. 1984 డిసెంబరు భోపాలు ఘోరమునకు పిమ్మట కేంద్ర ప్రభుత్వము పెక్కు నియమములను చేసినది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమముల ననుసరించి అపాయకర పదార్థములను మోయు ప్రతి బండికిని మూడు తట్టుల అత్యవసర సమాచార ఫలకము ఉండవలెను. అందులో పదార్థము పేరు, దాని వర్గము, ఆపత్సమయమున పిలువవలసిన ఫోను నంబర్లు ఉండవలెను. హాజ్‌కెమ్ సంకేతము నెరిగినచో పని మరింత సులభము: అందులో మొదటి అంకె 1 అయిన నీటిధార, 2 అయిన సన్నని తుంపర, 3 అయిన నురుగు, 4 అయిన నీరు తగులనీయక పొడి సాధనము వాడవలెను. ఆ బండి నడుపువాడు అందుకై ప్రత్యేక శిక్షణము పొంది పత్రము కలిగియుండవలెను. మోయు సరకును గూర్చిన వ్రాతపూర్వకమైన సూచనలు అతని చెంత నుండవలెను. 1996 నాటి రసాయన ప్రమాదముల నియమముల ప్రకారము జిల్లాకొక విపత్తు నిర్వహణ సమితి యుండి, కలెక్టరు దానికి అధ్యక్షుడై, 45 దినముల కొకమారు సమావేశమై, ఏటికొక్కమారైన నిజముగా ప్రమాదము జరిగినట్లే అభినయించి చూపు కవాతు జరుపవలెను. పరిశ్రమలున్న చోట స్థానిక సమితి నెలనెల కూడవలెను; ఆరునెలలకొక కవాతు జరుపవలెను. ప్రజలకు సమాచారము నిచ్చుటయు ఈ సమితుల విధులలో చేరినదే.

కనుక కొరవడినది చట్టము కాదు. చట్టము మంట దాకా పోవుట. ఇందుకై మేము అధికారులను వినయముగా కొన్ని ప్రశ్న లడుగుచున్నాము. పాలమూరు సీమలోని ప్రతి ఫైరు స్టేషనులో, ప్రతి ఫైరింజనులో అట్టి మార్గదర్శక గ్రంథ ముండెనా? ఉన్నచో అది భటుడు చదువగల భాషలో ఉండెనా? జిల్లా సమితి గత సంవత్సరములో ఎన్ని పర్యాయములు కూడినది? కవాతు ఎక్కడ జరిగినది? దానిలో బయటపడిన లోపములేవి? ఈ ప్రశ్నలకు సమాధానములు పత్రికలలో ప్రకటించినచో ఎవరికిని నష్టము లేదు. సమాధానములు తృప్తికరములైనచో ప్రభుత్వమునకే కీర్తి. కానిచో దిద్దుకొనుటకు అవకాశము.

ఆక్షేపణలు రాకపోవు. గ్రంథము సెల్‌ఫోనులోనే దొరకుచుండ అచ్చు పుస్తక మెందులకని కొంద రందురు. సెల్‌ఫోనులో నున్నది మంచిదే. కాని బాటనడుమ పొగలో సంకేతము అందక బ్యాటరీ అయిపోయినచో అది గాజు పలకయే. అచ్చు పుస్తకము బండిలో నుండిన చీకటిలో దీపము పట్టి చదువవచ్చును. ఆంగ్లములోనే యున్నది గదా, చదువుకొన్న అధికారి యుండును గదా యని మరికొంద రందురు. అధికారి వచ్చువరకు మంట ఆగునా? విషయమును తెలుగున వ్రాయుట కష్టమనువారికి మా సమాధాన మొక్కటే. సంఖ్యలు అన్ని భాషలకును ఒకటియే. ‘నీరు పోయరాదు’, ‘గాలివాలున నిలువరాదు’, ‘మైలు దూరము జనమును తొలగింపుము’ అనుటకు తెలుగునకు మాటలు కరవా? తెలంగాణలో ఉర్దూ రెండవ అధికార భాష. రహదారిపై లారీలు నడుపువారిలో హిందీ మాట్లాడువారు పెక్కురు. కనుక తెలుగుతోపాటు ఉర్దూ, హిందీలలోను సూచనలు ఉండుట మేలు. అమెరికా గ్రంథమును ఉన్నదున్నట్లు తీసికొమ్మని మేము చెప్పుటలేదు. మన బాటల వెడల్పును, మన కూడళ్ల రద్దీని, మన కర్మాగారములలోని సరకును లెక్కించి, మన నిపుణులు దిద్ది తయారుచేసినదే మనకు పనికివచ్చును.

పుస్తకము బీరువాలో నున్నంతమాత్రమున విద్య రాదు. శిక్షణము కావలెను. 1956లో స్థాపింపబడిన జాతీయ అగ్నిమాపక కళాశాల నాగపురమున కలదు. మన రాష్ట్రమున హైదరాబాదు చెంత వట్టినాగులపల్లిలో శిక్షణాలయము కలదు. అచ్చట నేర్చిన విద్య జిల్లా స్టేషనులో ఏండ్లు గడచినకొలది మరుగుపడకుండ, మరల మరల అభ్యసింపజేయవలెను. నేర్పవలసినది కొండంత కాదు. గాలి వీచు దిక్కునుండి వచ్చి దూరమున నిలుచుట, దుర్బిణితో ఫలకమును చదువుట, సంఖ్య తెలియనిచో, తెలియని సరకునకై గ్రంథములో ప్రత్యేకముగా నున్న 111వ సూచిక ననుసరించుట, జనమును తొలగించుట, తగిన సాధనము నేరుకొనుట, శ్వాసోపకరణము లేనిదే పొగలోనికి పోకుండుట, పని ముగిసిన పిమ్మట ఉడుపులను, దేహమును కడిగికొనుట. బ్యాటరీల మంట ఆరినట్లు కనబడియు గంటల పిమ్మట మరల రాజుకొనుననుటయు నేర్పవలెను. మాకు తోచినంతవరకు ‘ఆగి చూచుట పిరికితనము కాదు’ అను భావము భటుని మనస్సున నాటుట అన్నిటికంటె ముఖ్యము. చుట్టు చేరిన జనము ‘ఏమి చూచుచున్నావు, నీళ్లు పోయు’ మని అరచునప్పుడు నిలువరించుకొనగల శక్తి శిక్షణము వలననే వచ్చును.

ఇచ్చట మన ప్రజలకును ఒక మాట చెప్పవలసియున్నది. ట్యాంకరు బోల్తాపడినచో డబ్బాలు, బిందెలు చేబట్టి పరుగెత్తుట మన యొద్దను కనబడుచున్న దురలవాటు. 2017 జూను 25వ తేదీన పాకిస్తానములోని అహ్మద్‌పూరు షర్కియా చెంత ఇట్లే పెట్రోలు పట్టుకొనబోయిన జనముపై మంట విరుచుకొనిపడి రెండువందలకు పైగా మరణించిరి. నాలుగు లీటర్ల ఇంధనమునకు ప్రాణమును వెల యిచ్చుట యెంతటి అవివేకము! గ్రామపెద్దలు, ఉపాధ్యాయులు ఈ సంగతి ప్రజలకు నచ్చజెప్పవలెను.

భూస్వాములకును పట్టణవాసులకును అంతకంటె పెద్ద బాధ్యత కలదు. బాట ప్రక్కన జాగాలు, షెడ్లు, గోదాములు కలవారు వానిని అద్దెకిచ్చుట సర్వసాధారణము. అద్దె సకాలమున వచ్చుచున్నదా యని విచారింతుము గాని అందులో ఏమి నిలువచేయుచున్నారని అడుగువారు అరుదు. 2022 సెప్టెంబరు 12న సికిందరాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణమునకు పైనున్న వసతిగృహమున పొగ క్రమ్మి ఎనిమిదిమంది మరణించిరి. 2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లి బజారుఘాటులో నివాసగృహముల క్రిందనే నిలువచేసిన రసాయనపు డ్రమ్ములు అంటుకొని తొమ్మిదిమంది బలియైరి. 2025 జూను 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారములో ఔషధపు మాత్రలకు వాడు సెల్యులోజు పొడిని తయారుచేయు కర్మాగారము ప్రేలి నలుబదిమందికి పైగా పనివారు నశించిరి. పొడి యనిన అపాయము లేనిదని తలంచుట పొరపాటని ఆ ఘటనచేత తేలినది. ఈ మూడు చోట్ల చచ్చినవారు ఆ సరకు యజమానులు కారు. పైన నివసించినవారు, బస చేసినవారు, కూలికి వచ్చినవారు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట కంటె, అద్దె పత్రము వ్రాయునాడే సరకు పేరు వ్రాయించుకొనుట మేలు.

ఏ సరకు నిలువయున్నదో బయటపెట్టినచో వ్యాపార రహస్యము పోవునని పరిశ్రమాధిపతులు కొందరు వాదింపవచ్చును. సరకు తయారుచేయు విధానము రహస్యము కావచ్చును. సరకు మండునా, ప్రేలునా, విషమా అనుట రహస్యము కారాదు. తెలియని దేవునికంటె తెలిసిన దయ్యము మేలని మన పెద్దలు అన్నారు. దయ్యము పేరు తెలియకుండ దాని నెదుర్కొమ్మని నెలజీతపు భటుని పంపుట న్యాయము కాదు.

షాద్‌నగరము చెంత నందిగామలో 2024 ఏప్రిల్ 26న ఔషధ కర్మాగారము తగులబడినప్పుడు పదునారేండ్లయినను నిండని బాలు డొకడు పైకి ప్రాకి త్రాడు కట్టి పనివారిని పెక్కుమందిని దింపెను. ఆ బాలుని సాహసమును లోకము మెచ్చుకొన్నది, మేమును మెచ్చుకొనుచున్నాము. అయినను ఒక కర్మాగారములోని పనివారి ప్రాణములు ఒక బాలుని త్రాడుపై వ్రేలాడవలసివచ్చుట మనకు గర్వకారణమా, సిగ్గుచేటా అని ఆలోచింపక తప్పదు. మన సీమలో ధైర్యమునకు కొదువ లేదు. ఆ ధైర్యమునకు తోడుగా సిద్ధత కావలెను.

కావున ప్రభుత్వమువారికి మా సూచనలు ఇవి. తెలుగు, ఉర్దూ, హిందీలలో సంక్షిప్త మార్గదర్శక గ్రంథమును నిపుణులచేత సిద్ధపరచి ప్రతి ఫైరింజనులో, ప్రతి రహదారి పోలీసు బండిలో, ప్రతి అంబులెన్సులో ఉంచవలెను. జడ్చర్ల, షాద్‌నగరము, చౌటుప్పల్ వంటి పరిశ్రమల కూడళ్లలో ప్రతి కర్మాగారము తన సరకు జాబితాను, సంఖ్యలతోసహా, సమీప ఫైరు స్టేషనునకు ఇచ్చి, మారినప్పుడెల్ల సవరించుచుండవలెను. రవాణాధికారులు చుంగీ కేంద్రముల చెంత ట్యాంకర్ల ఫలకములను తనిఖీ చేయవలెను. ఫలకము లేని బండిని కదలనీయరాదు. నురుగు, పొడి సాధనములు, శ్వాసోపకరణములు స్టేషనులకు చాలినన్ని సమకూర్పవలెను. విషపు పొగలో పనిచేసిన భటులకు పిమ్మట వైద్యపరీక్ష జరిపించి, వ్యాధి సోకినచో వారి కుటుంబమును ప్రభుత్వమే భరింపవలెను. జిల్లా సమితి సమావేశముల వివరములు ప్రజలకు తెలియునట్లు ప్రకటింపవలెను. వీనిలో ఏదియు కోట్లు కుమ్మరింపవలసిన పని కాదు. ఒక్క దుర్ఘటన పిమ్మట చెల్లించు పరిహారములో స్వల్పభాగము దీనికి చాలును.

పాలెము బాటపై నేటికిని బస్సులును ట్యాంకర్లును పోవుచునే యున్నవి. వానిలో ఏదో యొకటి ఏదో యొకనాడు ఒరుగక మానదు. ఆనాడు గంట మ్రోగినంతనే బయలుదేరు భటుడు మన ఊరివాడే, మన బిడ్డయే. అతడు ఫలకమును చూచి సంఖ్యను చదివి పుట త్రిప్పి చేయవలసిన పని నిశ్చయించుకొని ముందడుగు వేయునా, లేక ఏమియు తెలియక మృత్యువు చెంతకు నడచునా అనునది నేడు మనము చేయు పనిని బట్టి యుండును. రాబోవు ఏప్రిల్ 14వ తేదీ నాటికి పాలమూరు సీమలోని ప్రతి అగ్నిమాపక బండిలోను తెలుగున అచ్చైన ఆ చిన్న పుస్తకము చేరియుండుటయే ఆ 66 మంది వీరులకు తగిన నివాళి యని మేము విన్నవించుచున్నాము. అధికారులును ప్రజలును ఈ విన్నపమును ఆలకింతురు గాక.